ఆరో వేలు

ఆడబిడ్డ అర్ధమొగుడని ఎవరన్నారో గానీ, మా ఆడపడుచుని చూసి మాత్రం అనలేదు. ఇది పావుమొగుడికి కూడా పనికిరాదు. గురువుగారు దగ్గితే చాలు, చేతిలో పని వదిలేసి నిలబడిపోతుంది. పచ్చబొట్ల దుకాణంలో రెండేళ్లుగా నేల తుడుస్తూ, సూదులు సర్దుతూ, రబ్బరు తోలు మీద బొమ్మలు వేస్తూ ఉంది. ఆ రోజు దానికి పరీక్ష. మనిషి చర్మం మీద ఒక్క బొమ్మ తప్పు లేకుండా వేస్తే కిటికీ పక్క కుర్చీ దానిదే. తప్పు దొర్లిందా, ఇంకో ఏడాది రబ్బరు తోలే గతి.

చెయ్యి ఇస్తానన్న స్నేహితురాలు పొద్దున్నే ఫోన్ చేసి జ్వరమంది. జ్వరమూ లేదు పాడూ లేదు, భయం. మా ఆడపడుచు వంటింటి గుమ్మంలో కూలబడింది. నేను కుట్టుపని చేసేదాన్నే గానీ, గుడ్డని పొడవడం వేరు, నన్ను పొడిపించుకోవడం వేరు. అయినా నా నోరు ఊరుకుంటుందా?

"నా చెయ్యి ఉందిగా! లే, ఏడవకు. నీకేది ఇష్టమైతే అది వెయ్యి."

అది ఏం వేస్తుందో ఎవరైనా చెప్పగలరు. మూడేళ్లుగా రోజూ సాయంత్రం ఒకటే జపాను యానిమే, అదే, వాళ్ల బొమ్మల సీరియలు, మబ్బుల మీద తిరిగే ఓ ఓడ కథ. "తాడిలా ఎదిగావు, ఇంకా బొమ్మలేమిటే" అని తిడుతూ నేను టీవీకి వీపు పెట్టి మిషను తొక్కుతాను. నా ఎదురుగా బీరువా అద్దం ఉంది. అందులో అంతా కనిపిస్తుంది. తెర కింద వచ్చే మాటలు తిరగబడి ఉంటాయి కాబట్టి మొదటి నెల తల ప్రాణం తోకకొచ్చింది, తర్వాత అలవాటైపోయింది. ఈ సంగతి నా మొగుడికి కూడా తెలియదు. తిట్టిన నోటితో చూస్తున్నానని ఎలా చెప్పుకోను?

ఇద్దరం దుకాణానికి వెళ్లాం. గురువుగారు ముప్పై ఏళ్లుగా లంగర్లూ గులాబీలూ వేసిన మనిషి. "మధ్యలో మాట్లాడను, చివర్లో చూస్తాను" అని పేపరు చేతిలోకి తీసుకున్నాడు.

ఓడ కెప్టెన్ని వేస్తుందనుకున్నాను. కాదు. నా ముంజేతి మీద గరిటె, ఆ గరిటె పట్టుకున్న చెయ్యి, ఆ పైన చిరాకు మొహం. ఓడలో వంటావిడ! ఒక్కో వేలూ వేసుకుంటూ వచ్చి, ఐదయ్యాక ఆరోది మొదలుపెట్టింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నొప్పా వదినా?"

"కాదు, చక్కిలిగింత! పని చూసుకో."

అంతా అయ్యాక గురువుగారు కళ్లజోడు సర్దుకుని వంగి చూశాడు. గీతలకి తలూపాడు. నీడలకి తలూపాడు. వేళ్ల దగ్గర ఆగిపోయాడు.

"ఆరు. వేళ్లు లెక్కపెట్టడం రాదా అమ్మా?"

"అది... అక్కడ అంతేనండి..."

"తప్పు చేసినవాళ్లంతా అదే మాటంటారు. ఇంకో ఏడాది చూద్దాం."

మా పిల్ల తల వంచుకుని పచ్చబొట్టు మిషను తుడుస్తోంది. నేను దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. నోరు విప్పితే మూడేళ్లుగా కాపాడుకున్న పరువు గంగలో కలుస్తుంది. విప్పకపోతే దాని ఏడాది. తుడిచిందే తుడుస్తున్న దాని చేతులు చూశాను. పోతే పోయింది, వెధవ పరువు!

"ఆగండి గురువుగారూ! ఆరే ఉండాలి. నలభై ఒకటో భాగం పెట్టి చూడండి. ఓడిపోయి వచ్చిన కెప్టెన్ని ఓడంతా తిడుతుంటే, ఈవిడ ఒక్క మాట అడక్కుండా గిన్నె నిండా సూప్ పోస్తుంది. గీసినవాళ్లు ఏ నిద్రమత్తులో ఉన్నారో, అక్కడ ఆరు వేళ్లు పడ్డాయి. చూసినవాళ్లు నవ్వలేదండీ, వాళ్ల మాటలు ఫోన్లో చదివాను. మనవాళ్లకి పెట్టేటప్పుడు ఆవిడకో వేలు ఎక్కువ మొలుస్తుందన్నారు. అప్పట్నుంచీ అభిమానులు పచ్చబొట్టు వేయించుకుంటే ఆరే. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని మనం అనమూ? అదే ఇది. ఈ పిల్ల లెక్క రాక వేయలేదు, లెక్క తెలిసే వేసింది!"

గురువుగారు ఫోన్ తెప్పించుకున్నాడు. తెర మీద వేలు పెట్టి రెండుసార్లు లెక్కపెట్టాడు. లెక్క సరిపోయాక కూడా ఫోన్ వదల్లేదు. గిన్నె ఖాళీ అయ్యేదాకా చూశాడు.

"తిన్నాక ఆ కుర్రాడు మళ్లీ వెళ్తాడా?"

"చెప్పేస్తే ఏం బాగుంటుందండీ, చూడండి."

"సరే," అని ఆడపడుచు వైపు తిరిగాడు. "ఆ కుర్చీ నీదేనమ్మా. రేపట్నుంచి కూర్చో."

ఆ మాట కోసం రెండేళ్లు నేల తుడిచిన పిల్ల కుర్చీ వైపు చూడనైనా చూడలేదు. నన్నే చూస్తోంది.

"వదినా, నువ్వు చూశావా? నీకు అర్థం కాదనుకునే ఆరు వేశాను. తెలిసినవాళ్లు ఎవరైనా నీ చెయ్యి చూస్తే, నువ్వు నాకేమిటో వాళ్లకైనా తెలుస్తుందని..." ఓ అడుగు ముందుకేసింది. "ఎంతవరకు చూశావు?"

ఇక దాచి ఏం లాభం?

"మొత్తం. రెండుసార్లు."

అది ఒక్క గంతేసి నన్ను వాటేసుకుంది, సరిగ్గా ఆ పచ్చి చేతి మీదే. వీధి చివరికి వినబడేలా కేక పెట్టాను గానీ, వదలమని మాత్రం అనలేదు.