మగ్గం గుంతలో కరియ

గంజి చల్లారింది.

పైన పొర కట్టింది. గిన్నె చుట్టూ ఈగలు. నాలుక చప్పుడు మాత్రం లేదు...

మగ్గం గుంతలో కరియ పడుకొని ఉంది. కళ్ళలో పసుప్పచ్చటి పుసి. ముక్కు మీద ఎండి బిగిసిన చీమిడి. ఉండుండి దగ్గు. ఏమీ నమలకుండానే దవడలు టకటకా కొట్టుకుంటున్నాయి. ధర్మవరంలో మా వీధి కుక్కలన్నిటికీ ఇదే రోగం — ఒకదాని నుంచి ఒకదానికి అంటుకొని, సందుకొకటి చచ్చి పడింది.

ఇది మాత్రం చావదు.

చావదు, తినదు. నేను గిన్నె పెట్టి దూరంగా నిలబడితే, ఆ గిన్నె వంకైనా చూడదు.

కరియ! ఆ పేరు పలకాలంటేనే నాకు ఒళ్ళు మంట. హిందూపురం వైపు కన్నడ పేరు. పెట్టింది కొండమ్మ — మా ఆయన మొదటి పెళ్ళాం. కుక్కపిల్లను చంకనేసుకొని ఈ ఇంటికి కాపురానికి వచ్చిందట. ఆమె పోయింది. కుక్క ఉంది. దాని మెడ నిమిరినప్పుడల్లా మా ఆయన చూపు ఎక్కడికో పోతుంది...

నాకు జ్వరమొస్తే ఆ చెయ్యి నా నుదుటి మీదికి రాలేదు.

దీని కోసం మగ్గం ఆపేశాడు. నేసేటప్పుడు కాళ్ళు పెట్టుకునే గుంతలో, గాలి తగలదని, గోనెపట్టా పరిచి పడుకోబెట్టాడు. చివరికి హిందూపురంలో పశువుల డాక్టరును అడిగి వస్తానని బయలుదేరాడు. అంటురోగం కుక్కను రైలెక్కనివ్వరు కదా — ఒక్కడే.

గడప దాటుతూ అన్నాడు: "బాగా చూసుకో మే. అది పోతే కొండమ్మ మళ్ళా పోయినట్లే నాకు."

అనేసి పోయాడు!

చస్తే నేనే చంపానంటాడు. బతికితే కొండమ్మ బతికినట్టే. ఈ ఇంట్లో నాకు చోటెక్కడ?

పక్కింటి యల్లక్క గుంతలోకి తొంగి చూసింది.

"నువ్వు పెడితే యాడ తింటాది రామాంజినమ్మా? దానికి కొండమ్మ వాసన కావల్ల. పెట్టెలో ఆయమ్మ చీర ఉండాది గదా, కట్టుకోని పెట్టి చూడు."

ఆ చీర...

మామిడాకు పచ్చ, ఎర్రంచు. ఈ మగ్గం మీదే మా ఆయన కొండమ్మ కోసం నేసిన పట్టుచీర. నన్ను చేసుకున్నప్పుడు మాత్రం అంగట్లో నూలుచీర కొని తెచ్చాడు. ఊరందరికీ పట్టు నేసే మనిషి — నాకు అంగడి చీర!

ఎప్పుడూ ముట్టుకోని పెట్టె తెరిచాను. కట్టుకున్నాను. ఆమె వేసిన మడతల మీదే నా కుచ్చిళ్ళు పడ్డాయి.

మా ఆయన కూర్చునే చోట, వాకిలికి వీపు పెట్టి, గుంతలోకి కాళ్ళు జార్చి కూర్చున్నాను. కరియ తల ఒళ్ళోకి లాక్కున్నాను. గోరువెచ్చటి నీళ్ళలో గుడ్డ ముంచి కళ్ళు తుడిచాను. ముక్కు తుడవబోతే మూలిగింది. వదిలేశాను. వెచ్చబెట్టి తెచ్చుకున్న గంజి వేలితో నాలుకకు రాశాను.

"తాగి చావురా," అన్నాను.

చప్...

మళ్ళీ — చప్... చప్...

తాగింది. నా చేతి నుంచి. కాదు, ఆమె చీర నుంచి. కుళ్ళుతో నాకు ఏడుపొచ్చింది. పోయిన మనిషి వాసన పాటి చెయ్యదా, బతికున్న నా చెయ్యి?

మర్నాడూ అదే చీర. అదే గుంత. మధ్యాహ్నం వాకిట్లో చెప్పుల చప్పుడు.

"కొండమ్మా..."

తిరిగి చూశాను. మా ఆయన ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. నన్ను చూడగానే ఆరిపోయింది.

తల దించుకున్నాడు. "దీనికి మందే ల్యాదంట. వెచ్చగా పెట్టుకోని, కండ్లు ముక్కు కడుగుతా, గంజి తాపుతా ఉండల్లంట. ముక్కు మూసుకపోయి దానికి వాసనే తెలీదంట. అందుకే తిండి ముట్టదంట."

"వాసన తెలీదా?"

"ఏమీ తెలీదంట."

కరియ ముక్కు చూశాను. చీమిడి అట్లాగే బిగిసి ఉంది.

చీర వాసన దానికి అందనే లేదు. కొండమ్మ అందలేదు. అది తాగింది నా చేతి గంజి. నాదే!

ముక్కు మూసుకుపోయిన కుక్క నా దగ్గర తాగింది. రెండు కళ్ళూ బాగున్న ఈ మనిషి...

చీర మార్చుకుందామని లేచాను.

"ఉండనీ మే," అన్నాడు. "బాగుండాది."

ఎవరు బాగున్నట్టు? నేనా... ఆమెనా?

గోరువెచ్చటి నీళ్ళలో గుడ్డ ముంచి ఆయనే నా చేతికిచ్చాడు. "ముక్కు కడుగు."

కడగాలి. కడిగితేనే బతుకుతుంది. కడిగితే వాసన తెలుస్తుంది. తెలిస్తే ముందు తగిలేది ఈ చీరే... కొండమ్మే.

కరియ నా వేలికేసి నాలుక చాచింది.

చప్... చప్...

ఇంకొక్క గుక్క తాగురా, నా చేతిది.

చేతిలో తడిగుడ్డ చల్లారుతోంది.