మూడొందల పదిహేడు ఇంకా రాలేదు

సాయంత్రం దీపాలు వేసే వేళకు ఆ ఇంట్లో తలుపు గడియ దగ్గర పేచీ మొదలయ్యేది. కూతురు గడియ పెట్టేది, తండ్రి వచ్చి తీసేవాడు.

"మూడొందల పదిహేడు ఇంకా రాలేదమ్మాయ్" అనేవాడు.

గొంతులో కోపం ఉండేది కాదు, బతిమాలుడూ ఉండేది కాదు. బండి ఆలస్యమైందని చెప్పే స్టేషన్ ఉద్యోగిలా, ఉన్న మాట చెప్పి తలుపు బార్లా తెరిచి కుర్చీలో కూర్చునేవాడు.

ఆమె ఒక కళ్లజోళ్ల దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీస్తుంది. పొద్దుటి నుంచీ ఊళ్లోవాళ్ల చూపులు సరిచేసి ఇంటికి వస్తే, తనకు ఏమీ కనబడని ఒక ముఖం ఎదురయ్యేది. యుద్ధానికి వెళ్లొచ్చాడని తెలుసు. అది ఆమె పుట్టకముందు. చిన్నప్పుడు "అక్కడ ఏం చేసేవాడివి నాన్నా?" అని అడిగితే "మోసేవాళ్లం" అనేవాడు. ఏం మోసేవాళ్లో చెప్పేవాడు కాదు. తుపాకులో, గాయపడ్డవాళ్లో, జెండానో, ఆ ఖాళీలో ఆమే ఏదో ఒకటి పెట్టుకునేది. ఏడాదికొకటి మారుస్తుండేది.

మొదట్లో, వేరుగా ఉంటున్న తమ్ముడు ఆ అంకెను నవ్వులాటగా తీసుకున్నాడు. "ఆ నంబరు బస్సు ఈ ఊళ్లోనే లేదక్కా. ఉంటే నేనే ఎక్కి పోయేవాణ్ణి." అయితే మొన్నొక సాయంత్రం తండ్రి మేజోళ్లతోనే వీధిలోకి నడిచి, నడిరోడ్డు మీద వెనక్కి తిరిగి నిలబడ్డాడు. లారీ ఒకటి వెంట్రుకవాసిలో తగలకుండా పోయింది. ఆ తర్వాత తమ్ముడు నవ్వడం మానేశాడు.

"ఈ వారంలో ఆ తలుపుకి గడియ పడాలి. లేదంటే వృద్ధాశ్రమంలో చేరుద్దాం. అక్కడ గేటుంటుంది, కాపలా ఉంటుంది" అన్నాడు.

"గేటేనా మందు?"

"మరి నువ్వు చెప్పు మందు. ఆయన మాట నీకు అర్థమవుతోందా? నాకైతే తలా తోకా తెలియడం లేదు."

ఆమెకూ తెలియడం లేదు. కానీ ఆ మూడొందల పదిహేడు ఎవరో తేలితే, క్షేమంగా ఇల్లు చేరాడనో, పోయాడనో ఒక మాట చెప్పేయొచ్చు. అబద్ధం చెప్పాలన్నా మనిషికొక పేరుండాలి కదా.

అలా ఆమె సెలవు పెట్టి సైనిక రికార్డుల ఆఫీసుకి వెళ్లింది. మేడ మీద పొడవాటి గది. కిటికీలకు గోధుమరంగు కాగితాలు అంటించారు. అక్కడి గుమాస్తాని తోటివాళ్లు తుమ్ముల మాస్టారు అంటారు. కట్ట విప్పితే తుమ్ము, కట్ట కడితే తుమ్ము.

"మూడంకెల నంబరు మనిషికుండదమ్మా. మీ నాన్నగారిదే చూడండి, ఎంత పొడుగుందో."

"మరి దేనికుంటుంది?"

"లారీకుంటుంది, బీరువాకుంటుంది. ఇన్నేళ్లుగా ఇక్కడ పడున్నా నాకు మాత్రం ఏ నంబరూ లేదు" అని ఒక తుమ్ము తుమ్మి, రెండు కాగితాలు ఆమె ముందుకు జరిపాడు.

తండ్రి యుద్ధమంతా ఆ రెండు కాగితాలే. రవాణా దళంలో వేశారు. సైన్యం వెనక్కి తగ్గిన వానాకాలంలో ఆసుపత్రిలో చేర్చారు. గాయాలు లేవు. నెల దాటాక ఇంటికి పంపించేశారు.

"గాయం లేకపోతే ఆసుపత్రిలో ఎందుకున్నారండీ?"

"రాయలేదమ్మా. రాయనిది నేనెక్కణ్ణుంచి చదవను?"

రవాణా అంటే లారీలు. తండ్రికి సైకిలు తొక్కడం కూడా రాదు. ఈ కాగితం మనిషి వేరెవరో అనిపించింది ఆమెకు. కాకపోతే ఇంట్లో కుర్చీలో కూర్చునేది వేరెవరో. రెండింటిలో ఏది తేలికో ఆలోచించి, అలా ఆలోచించినందుకు ఉలిక్కిపడింది.

ఆమె కదలకపోవడం చూసి గుమాస్తా జాలిపడ్డట్టున్నాడు. ఆ దళం తాలూకు ఫొటోల కవరొకటి తెచ్చి ఇచ్చాడు. "మీవాళ్లెవరైనా ఉన్నారేమో చూసుకోండి."

కొండదారి. బురద. మూటలు. నాలుగో ఫొటోలో ఒక సిపాయి ఒక జంతువు పక్కన, దాని తోకవైపు తిరిగి, నడుం వంచి నిలబడ్డాడు. దాని ముందుకాలు వెనక్కి మడిచి తన మోకాళ్ల మధ్య పట్టుకున్నాడు. ముఖం కనబడదు. వంగిన వీపు ఒక్కటే.

ఆ వీపు ఆమెకు తెలుసు.

బడికి వెళ్లే రోజుల్లో తండ్రి ఆమెకు బూట్లు తొడిగేది సరిగ్గా అలాగే. మిగతా పిల్లల తండ్రులు ఎదురుగా గొంతుకూర్చునేవాళ్లు. ఈయన పక్కన నిలబడి, వెనక్కి తిరిగి, ఆమె పిక్క మీదుగా అరచెయ్యి కిందికి జార్చి, మడమకు కాస్త పైన మెల్లగా నొక్కేవాడు. కాలు దానంతటదే లేచేది. ఆమె గోడ పట్టుకుని ఆ వీపునే చూస్తూ ఉండేది. తండ్రులందరూ అలాగే చేస్తారనుకుంది. పక్కింటి పిల్ల ఒకరోజు చూసి "మీ నాన్నేంటే, గుర్రానికిలా నీకు నాడాలు కొడుతున్నాడా!" అని పడీ పడీ నవ్వింది. తనూ నవ్వింది. ఆ మర్నాటి నుంచి బూట్లు తనే తొడుక్కుంది.

సంచీలోంచి దుకాణంలో వాడే భూతద్దం తీసి ఫొటో మీద పెట్టింది. డెక్క మీద కాల్చి వేసిన అంకెలు. మూడు, ఒకటి, ఏడు.

"ఇదేంటండీ?"

గుమాస్తా వంగి చూశాడు. "కంచరగాడిద. లారీలెక్కని కొండల్లో ఇవే కదమ్మా మోసింది. డెక్క మీద నంబరు వేసేవాళ్లు... ఓరి నాయనో, పొద్దుటి నుంచీ దీన్ని మనుషుల అరల్లో వెతుకుతున్నామా మనం!"

నవ్వబోయి, తుమ్మి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. పశువుల జాబితా కూడా దొరికింది. మిగతా వాటి ఎదురుగా కారణాలున్నాయి. రోగం, లోయలో పడింది, కాల్చివేయబడింది. మూడొందల పదిహేడు ఎదురుగా "తీసివేయబడింది" అని మాత్రమే ఉంది. దాని మర్నాడే తండ్రి ఆసుపత్రిలో చేరాడు.

"అంటే ఏమైనట్టు?"

"తప్పిపోయిందేమో. వదిలేసి వచ్చారేమో. శత్రువు చేతికి చిక్కకూడదని మనవాళ్లే కాల్చినవీ ఉన్నాయి. ఏది ఎవరి దగ్గరుంటే వాళ్ల చేతే చేయించేవాళ్లట." గొంతు తగ్గించాడు. "ఇక్కడ మాత్రం అలా రాసి లేదమ్మా."

మెట్లు దిగుతూ తమ్ముడికి ఫోన్ చేసింది.

"గాడిదా?" అన్నాడు తమ్ముడు. "అక్కా, నాన్న గాడిద కోసమా తలుపు తీసి పెట్టేది?"

"నాన్న మనల్నెప్పుడైనా గాడిదా అని తిట్టాడా?"

ఆ వీధిలో ఆ తిట్టు వినబడని ఇల్లు లేదు. అమ్మ నోట కూడా పూటకోసారి వచ్చేది. వచ్చినప్పుడల్లా తండ్రి కంచం ముందు నుంచి లేచి పెరట్లోకి పోయేవాడు. కోపమనుకునేవాళ్లు పిల్లలు.

"లేదు" అన్నాడు తమ్ముడు. "సరే, ఇప్పుడేం చెబుతావు ఆయనకి? వచ్చిందనా, రాదనా?"

అదే తెలియలేదు. ఇన్నాళ్లూ ఆయన ఎదురుచూస్తున్నాడనుకుంది. కానీ "ఇంకా రాలేదు" అని ప్రేమతో అనేవాళ్లున్నట్టే, భయంతో అనేవాళ్లూ ఉంటారు. వదిలేసి వచ్చి ఉంటే అది రావాలని తలుపు తీస్తున్నాడు. కాల్చి ఉంటే? అప్పుడు ఆ తెరిచిన తలుపు ఏమిటి? వీటి మధ్య సిగ్గు లేకుండా ఇంకో ప్రశ్న దూరింది. తన పిక్క మీద జారిన ఆ చెయ్యి తన కోసమేనా? రోజూ పొద్దున్నే ఆయన పట్టుకున్నది ఎవరి కాలు?

ఇంటికి చేరేసరికి దీపాలు వేశారు. తండ్రి తలుపు దగ్గరే ఉన్నాడు.

"మూడొందల పదిహేడు..."

"వస్తే ఏం చేస్తావు నాన్నా?"

ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు చూశాడు. "కాలు చూడాలి కదా."

అంటూనే ఆమె పక్కకు వచ్చి, వెనక్కి తిరిగి వంగాడు. అరచెయ్యి పిక్క మీదుగా జారింది. మడమ పైన నొక్కింది. ఇన్నేళ్ల తర్వాత కూడా కాలు దానంతటదే లేచింది. ఆమె గోడ పట్టుకుంది. చెప్పు తీసి పక్కన పెట్టాడు. చొక్కా అంచుతో మడమ తుడిచాడు. బొటనవేలు అరికాలంతా మెల్లగా వెతికింది. వీపు తప్ప ఏమీ కనబడడం లేదు. ఆయన వెతికేది దొరికితే మంచిదో, దొరక్కపోతే మంచిదో తేల్చుకోలేక, ఆమె కాలు కదపకుండా నిలబడింది.

కాలు వదిలెయ్యకుండా, నేల తగిలేదాకా చేత్తోనే దించాడు. నడుం పట్టుకుని నిటారుగా లేచాడు.

"ఇక గడియ పెట్టెయ్ అమ్మాయ్."

ఒంటి చెప్పుతోనే వెళ్లి గడియ పెట్టింది. "వచ్చిందా నాన్నా?" అంది తలుపువైపే తిరిగి. ఆయన అప్పటికే లోపల కుళాయి కింద చేతులు కడుక్కుంటున్నాడు.

ఫోన్ మోగింది.

"గడియ పడిందా అక్కా?"

"పడింది."

"హమ్మయ్య. ఏం చెప్పావేంటి?"

"నేనేం చెప్పలేదు."

ఫోన్ పెట్టేసి దీపం కింద నేల మీద కూర్చుంది. సంచీలోంచి భూతద్దం తీసి, కాలు మడిచి, తన మడమ మీద పెట్టి చూసుకుంది. గీతలు, ఒక పగులు, చొక్కాకు అంటగా మిగిలిన కాస్త దుమ్ము. లోపల నీళ్ల చప్పుడు ఆగింది. ఆమె ఇంకా చూస్తూనే ఉంది.