మూకుడు దిగేదాకా

మైదాపిండిలో కాచిన నూనె పోసి, వాము నలిపి వేసి, పాండురంగయ్య రెండు చేతులతో పిండిని రుద్దుతున్నాడు. గుప్పిట్లో బిగిస్తే ముద్ద నిలవాలి, వేలితో పొడిస్తే విరగాలి. నీళ్ళు పోసేది ఆ తర్వాతే. తొందరపడి ముందే పోశారా, అవి కజ్జికాయలు కావు, చెప్పుల అట్టలు.

విజయదశమి. బెంజ్ సర్కిల్ వెనక వీధిలో రామకోటేశ్వరరావు ఇల్లు. వంటింట్లో ఫ్యాను ఉంది గానీ, వేస్తే మంట అటూ ఇటూ పోతుందని పాండురంగయ్య వేసుకోలేదు. బనీను వీపుకి అంటుకుపోయింది. బక్కపల్చటి మనిషి, యాభై దాటి చాలాకాలమే అయింది. చిన్నప్పుడు మగ్గం గుంటలో కూర్చుని కూర్చుని మెడ ముందుకి వంగిపోయింది. ఊరికే నుంచున్నా కింద ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నట్టే ఉంటాడు.

అతని వేళ్ళకి ఏడాది పొడుగునా ఒకటే పని. రామకోటేశ్వరరావు బట్టల షాపులో ఆడవాళ్ళు చీరలన్నీ విప్పించి, పరుపు మీద కుప్ప పోయించి, "మళ్ళీ వస్తామండీ" అని చక్కా వెళ్ళిపోతారు చూడండి, ఆ చీరల్ని మళ్ళీ మడతపెట్టడం. అమ్మే పని అతనిది కాదు. అమ్మడానికి నోరుండాలి, ఆ నోరు దేవుడు ఇతనికి పెట్టలేదు. పెళ్ళీడులో మగ్గం పోయింది, దాంతోపాటే వచ్చిన సంబంధాలూ పోయాయి. షాపు గోడౌన్ పైన ఒక గది, కిరోసిన్ స్టవ్వు పోయి గ్యాస్ స్టవ్వు, అంతే జీవితంలో వచ్చిన మార్పు.

రామకోటేశ్వరరావు పరాయివాడేం కాదు, సొంత పెదనాన్న కొడుకు. షాపులో ‘ఓనరుగారు’, ఇంట్లో ‘అన్నయ్య’. పిలుపు మార్చుకోవడం పాండురంగయ్యకి చెప్పులు విడిచినంత అలవాటైపోయింది.

కానీ దసరా రోజు లెక్క వేరు. లోకమంతా కజ్జికాయల్లో కొబ్బరీ బెల్లమూ పెడుతుంది. ఈ ఇంట్లో దసరాకి మాత్రం కారం కజ్జికాయలు. ఎవరికి ఏ కూర కావాలో పాండురంగయ్య అడుగుతాడు. అడిగిందే వండుతాడు. ఎవరిది వాళ్ళకి తెలిసేలా అంచు ఒకరికి తాడు పేనినట్టు, ఒకరికి చెంచాతో నొక్కి, ఒకరికి చిటికెలు చిటికెలుగా మడుస్తాడు. ఆ ఒక్కరోజు ఇంటిల్లిపాదీ వంటింటి గుమ్మంలో నిలబడి అతన్ని పేరు పెట్టి పిలుస్తారు. ఏడాదంతా ఎవరి కంటికీ ఆనని మనిషికి అంతకంటే పండగ ఏముంటుంది?

"పాండు బాబాయ్, నాకు స్వీట్ కార్న్! చీజ్ కూడా దట్టంగా పెట్టు" అంది రామకోటేశ్వరరావు కూతురు చిన్ని, ఫ్రిజ్ తలుపు తీసి పట్టుకుని.

"చీజ్ కరిగి బయటికొస్తే నూనె పాడవుద్దే తల్లీ."

"నీ చేతిలోంచి ఏదన్నా బయటికొస్తదా? కబుర్లు చెప్పకు."

పాండురంగయ్య ముఖం ఇంత వెడల్పయింది. కొత్తకోడలు రేణుక చిన్ని వెనక నుంచి మెల్లిగా అంది. "బాబాయిగారూ, మా అమ్మకి పచ్చిబఠాణీ ఇష్టమండీ. నాన్న ఉల్లిపాయ ముట్టరు."

"నాన్నగారికి పనీర్ చేస్తానమ్మా, అల్లం పచ్చిమిర్చి వేసి. ఉల్లిపాయ కత్తి కూడా దాని దగ్గరికి రానివ్వను."

"కీమా లేదా?" అని ముందు గదిలోంచి కొడుకు దుర్గాశంకర్ అరిచాడు.

"వియ్యాలవారు మొదటిసారి పండక్కొస్తంటే కీమా ఏంట్రా, నీ బొంద!" అని వెంకటరత్నమ్మ కసిరింది. ఇల్లాలికి పొద్దుటినుంచీ కాళ్ళు ఒకచోట నిలవడం లేదు. పెళ్ళిలో మర్యాదలు చాల్లేదని వియ్యపురాలు నాగదుర్గగారు ఎక్కడో అన్నట్టు ఈవిడ చెవిన పడింది. ఈ పూట భోజనంతో ఆ మాట తుడిచెయ్యాలని ఆవిడ పంతం.

రామకోటేశ్వరరావు కూడా గుమ్మంలోకి వచ్చాడు. "నువ్వు చెప్పన్నయ్యా, నీకేం కూర?" అన్నాడు పాండురంగయ్య.

"నాకేదైనా ఒకటేలేరా. అయినా ఎన్ని కూరలు పెట్టినా పెద్దమ్మ చేసే పెసరపప్పు..." అని ఠక్కున ఆగిపోయాడు. వెంకటరత్నమ్మ ఆయనవంక ఒక చూపు చూసింది. "ఫోనొస్తన్నట్టుంది" అంటూ ఆయన వెళ్ళిపోయాడు. ఏ ఫోనూ మోగలేదు. పాండురంగయ్య అదేం పట్టించుకోలేదు, పిండిలో నీళ్ళు పోసుకుంటున్నాడు.

పెద్దమ్మంటే ఇద్దరికీ పెద్ద పెదనాన్న భార్య. పిల్లలు లేరు. పాండురంగయ్య తల్లి పురిట్లోనే పోతే, పొత్తిళ్ళలో ఉన్నవాణ్ణి తెచ్చుకుని పెంచింది. కూచిపూడి దాటాక ఒక చిన్న ఊళ్ళో, నేతపని ఎప్పుడో ఆగిపోయిన పెంకుటింట్లో, పక్కింటి సుబ్బరత్నం చూసుకుంటుంటే కాలం వెళ్ళదీస్తోంది. ఈ కజ్జికాయల విద్య పాండురంగయ్యకి వచ్చింది ఆవిడ పక్కన పీట వేసుకుని కూర్చునే. నెల కిందట వెళ్ళినప్పుడు మంచంలో ఉంది. "పండగెళ్ళాక వచ్చి నాలుగు రోజులుంటానే" అని చెప్పొచ్చాడు.

కూరలు వండి చల్లారబెట్టాడు. మూకుడు పెట్టి నూనె పోశాడు. చేతులు కడుక్కోవడానికి పెరటి వసారాలోకి వెళ్ళినప్పుడు, మేకుకి తగిలించిన చొక్కా జేబులో ఫోను మోగింది.

సుబ్బరత్నం. "పాండూ, మీ పెద్దమ్మ పోయింది నాయనా. నిద్దట్లోనే. బయల్దేరతన్నారా?"

అతను తడిచేతిని చొక్కాకి తుడిచాడు, మళ్ళీ తుడిచాడు.

"వింటన్నావా? కొరివి పెట్టాల్సింది నువ్వేగా. నువ్వు రాందే ఎత్తరు. పొద్దు వాలకముందే రావాలి నాయనా."

"వస్తాం. వచ్చేస్తాం" అన్నాడు.

చెయ్యవలసింది ఏమిటో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. ఒకే ఇంటిపేరు వాళ్ళు, పాలివాళ్ళు. చెవిన పడ్డ క్షణం నుంచి అందరికీ మైల. మూకుడు దించెయ్యాలి, వండినదంతా అవతల పెట్టాలి, తలకి నీళ్ళు పోసుకోవాలి. పండగ లేదు, వియ్యాలవారు లేరు, కజ్జికాయలు లేవు. చెవిన పడనంతసేపే పండగ. ఆ మాట ఇప్పుడు తన చెవిలో ఉంది. లోపలికి వెళ్ళి నోరు విప్పితే చాలు.

వెళ్ళాడు. గుమ్మంలో చిన్ని ఎదురొచ్చి, "ఎక్కడికి పోయావు బాబాయ్? రేణుక వదిన నువ్వు అంచు మడవడం వీడియో తీసి వాళ్ళమ్మకి పంపిద్దంట. రా, రా!" అని మోచెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

అన్నయ్యకి భయపడి చెప్పలేదని అతను తర్వాత ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నాడో. అబద్ధం. వియ్యాలవారి ముందు ఇంటి పరువు పోతుందనీ కాదు. నిజం ఏమిటంటే, ఆ ఒక్కరోజు పోగొట్టుకోవడం అతనికి ఇష్టం లేకపోయింది. నలుగురూ తినాలి, బాగుందనాలి, పాండు చేతి మహిమ అనాలి. పెంచిన తల్లి శవం అక్కడ తనకోసం ఎదురుచూస్తుంటే, ఇక్కడ మెప్పు కోసం నోరు కట్టేసుకున్నాడు. మూకుడు దిగేదాకానే, దిగగానే చెప్పేస్తాను అనుకున్నాడు.

"ఆ ఫోనిటియ్యి పాండూ, పిండిచేతుల్తో ఎందుకూ? ఫ్రిజ్ మీద పెడతాను" అంది వెంకటరత్నమ్మ, చెయ్యి చాపి మరీ.

"తీసుకో వదినా. ఎవరన్నా చేసినా ఎత్తొద్దులే, షాపు గోల" అని తనే తెచ్చి ఇచ్చాడు. ఆవిడ గబుక్కున అందుకుని స్విచ్చాఫ్ చేసేసింది. ఇద్దరూ ఒకేసారి ఊపిరి పీల్చుకున్నారు. ఇతను గమనిస్తేగా!

కజ్జికాయలు ఒక్కొక్కటే నూనెలోకి జారాయి. మామూలుగా మొదటి వాయిలో ఒకటి విరిచి నోట్లో వేసుకుని ఉప్పు చూసుకుంటాడు. ఈసారి చెయ్యి నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. మైల చేతులతో వండి, ఊళ్ళోవాళ్ళకి పెడుతున్నాను, ఛీ అనుకున్నాడు. అనుకుంటూనే తర్వాతి వాయి వేశాడు. కళ్ళు నీళ్ళు తిరిగితే భుజంతో తుడుచుకున్నాడు. "పొగ పట్టేస్తందా బాబాయిగారూ?" అంది రేణుక. "అవునమ్మా, నూనె పొగ" అన్నాడు.

వియ్యాలవారు వచ్చారు. వడ్డన అయింది. నాగదుర్గగారు పచ్చిబఠాణీది ఒకటి తిని, రెండోది తీసుకుని, మూడోది కూడా వేయించుకున్నారు. రెండో వాయి పళ్ళెంతో పాండురంగయ్య భోజనాల గదిలోకి వచ్చేసరికి ఆవిడ అతనివంక చూపించి అడిగారు.

"పై అంచు ఎంత బాగా తిప్పాడండీ! ఎవరీయన, వంటాయనా? మా ఇంట్లో నోముంది, ఓ రోజు పంపిస్తారా?"

పాండురంగయ్య వెంకటరత్నమ్మ ముఖంలోకి చూశాడు. మా మరిది అంటుంది. ఇప్పుడంటుంది.

"మా షాపులో పనిచేస్తాడండీ" అంది వెంకటరత్నమ్మ, పులుసు గిన్నె జరుపుతూ. "ఎప్పుడు కావాలన్నా పంపిస్తాం, దానికేముంది!"

రామకోటేశ్వరరావు తల ఎత్తలేదు. రేణుక నోరు తెరవబోయి అత్తగారి ముఖం చూసి ఊరుకుంది. "ఏవయ్యా, వస్తావా?" అన్నారు నాగదుర్గగారు.

"వస్తానండి" అన్నాడు పాండురంగయ్య.

ఈ మాట కోసమేనా అంత పని చేసింది! తల కొట్టేసినట్టయింది. పళ్ళెం బల్లమీద పెట్టి వంటింట్లోకి వచ్చి, మూకుడు దించి, స్టవ్వు కట్టేశాడు. అయినా చెప్పలేదు. వియ్యాలవారు తాంబూలాలు తీసుకుని, కారెక్కి వీధి మలుపు తిరిగేదాకా వంటింటి గోడకి ఆనుకుని అలాగే నిలబడ్డాడు.

తర్వాత వెళ్ళి, హాల్లో సోఫాలో కూర్చున్న రామకోటేశ్వరరావు ముందు నిలబడ్డాడు.

"అన్నయ్యా, పెద్దమ్మ పోయిందంట." చేతులు బనీనుకి తుడుచుకున్నాడు. "ఇప్పుడే తెలిసింది."

రామకోటేశ్వరరావు అయ్యో అనలేదు. ఎప్పుడు అని అడగలేదు. గోడవైపు చూస్తూ అన్నాడు. "పొద్దున్నే తెలుసురా. సుబ్బరత్నం తెల్లారగట్ట చేసింది. పాండుకి నేను చెబుతాలే, నువ్వు చెయ్యొద్దు అన్నాను. చెబితే నువ్వు ఆగవు, నువ్వు లేకపోతే వంట లేదు. మీ వదిన ఏడ్చినంత పనిచేసింది. ఈ పూట గడిస్తే చాలనుకున్నాం... పాపిష్టి పనే. తిట్టరా, పడతాను."

తిట్టాలి. నిజానికి చొక్కా పట్టుకుని అడగాల్సిన మాట. నన్ను పెంచిన మనిషి పోతే నాకు చెప్పకుండా నాచేత వంట చేయిస్తారా అని పెద్దగా అరిచి, జన్మలో ఒక్కసారైనా ఆ ఇంట్లో తలెత్తి నిలబడవచ్చు. ఆ హక్కు అతనికి ఉండేది. పొద్దున పెరట్లోంచి తిరిగి వచ్చి నోరు మూసుకున్నప్పుడే అది పోయింది. ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోయింది. తన సిగ్గు చాలనట్టు, ఎదురుగా కూర్చున్నాయన సిగ్గు కూడా తన నెత్తినే పడ్డట్టయింది.

"తిట్టేదేముంది అన్నయ్యా" అన్నాడు. "నువ్వు చెప్పలేదు, నేను వినలేదు. అంతేగా."

వినలేదు అన్న మాట దగ్గర చూపు పక్కకి తిప్పుకున్నాడు. రామకోటేశ్వరరావు చప్పున తలెత్తి, తమ్ముడి ముఖంలోకి చూశాడు. ఏమి అర్థమైందో గానీ మళ్ళీ తల దించేసుకున్నాడు.

కారు వియ్యాలవారిని దింపడానికి వెళ్ళింది. అది రాగానే స్నానాలు చేసి వెనకాలే వస్తామన్నారు. వెంకటరత్నమ్మ ఫోనుతోపాటు ఒక స్టీలు డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. "పొద్దుటినుంచీ ఒక్కటీ నోట్లో వేసుకోలేదు. దార్లో తిను పాండూ" అంది. కళ్ళలోకి చూడలేదు. కాదనడం అతనికి ఎప్పుడూ చేతకాలేదు, తీసుకున్నాడు.

ఉయ్యూరు దాకా బస్సులో నుంచునే వెళ్ళాడు. అక్కడ సీటు దొరికింది. దారి పొడుగునా చెరుకుతోటలూ వరిచేలూ పచ్చగా కదిలిపోతున్నాయి. డబ్బా ఒళ్ళో ఉంది. ఆకలితో కడుపు మండుతున్నా మూత తియ్యలేదు.

కూచిపూడి బస్టాండులో దిగేసరికి పొద్దు బాగా వాలింది. ఫోను ఆన్ చెయ్యగానే సుబ్బరత్నమే. "ఎక్కడున్నావయ్యా? అందరూ నీకోసమే చూస్తన్నారు. పొద్దున చెప్పిన దానికి ఇప్పుడా రావడం?"

"దిగాను. వస్తన్నాను."

అప్పుడు చూసుకున్నాడు చేతిలో డబ్బా. చావింటికి పిండివంట పట్టుకుపోయే మనిషి ఉంటాడా? పారేద్దామంటే తిండి, కాలవలో వెయ్యడానికి చెయ్యి రాలేదు. అటూ ఇటూ చూసి, సిమెంటు బల్ల మీద పెట్టి, ఆటో కోసం రోడ్డు మీదికి నడిచాడు.

"ఏవయ్యోయ్! డబ్బా మర్చిపోయావు, డబ్బా!" బల్ల చివర కూర్చున్న ముసలావిడ కేకేసింది. "నిన్నేనయ్యా, వినపడట్లా?"

వినపడింది. పాండురంగయ్య మెడ ఇంకా కిందికి వంచుకుని, వినపడనట్టే ఆటో ఎక్కేశాడు.

బల్ల మీద డబ్బా ఉండిపోయింది. దుర్గాశంకర్ పెళ్ళికి వచ్చినవాళ్ళకి పంచిన డబ్బా అది. మూత మీద పెళ్ళి తేదీ, దాని కింద వంకరటింకర అక్షరాలతో ‘రామకోటేశ్వరరావు కుటుంబ సభ్యులు’ అని చెక్కి ఉంది.