మూడో అల్లుడు

ప్రెస్సులో వాళ్ళిద్దరినీ అసలు పేర్లతో పిలవడం ఎప్పుడో మానేశారు. ఒకాయన పెద్దల్లుడు, ఇంకొకాయన చిన్నల్లుడు. ఒకే ఇంటి ఆడపిల్లల్ని చేసుకుని, ఒకే బల్లకు అటొకరూ ఇటొకరూ నిలబడి బతుకు వెళ్ళదీస్తున్న తోడల్లుళ్ళకి అంతకంటే సరైన పేర్లు ఎవరు పెట్టగలరు? వాళ్ళ మామగారు కూడా వాళ్ళని అంత ఆప్యాయంగా పిలిచిన దాఖలా లేదు.

వాళ్ళ పని చెప్పుకోవడానికి చిన్నదే. యంత్రం ఒక వైపు అచ్చేసి వదిలిన కాగితాలు, ఒక్కో షీటూ దుప్పటంత, గుట్టగా పడి ఉంటాయి. రెండో వైపు అచ్చెయ్యాలంటే ఆ గుట్టని బోర్లించాలి. చేతికి వచ్చినంత దొంతర తీసి, అంచులు విసనకర్రలా విప్పి గాలి ఆడనిచ్చి, బల్లకేసి తట్టి సమం చేసి, ఆ కొస ఒకరూ ఈ కొస ఒకరూ పట్టుకుని ఒక్క ఊపున తిప్పాలి. ఒకరు రెప్పపాటు ముందు తిప్పినా కాగితం నడుం విరుగుతుంది. సిరా ఇంకా పచ్చిగా ఉంటుంది గనక ఒకదాని మొహం ఇంకొకదాని వీపుకి అంటుకుంటుంది. ఒంటి మనిషి వల్ల అయ్యేది కాదు. దుప్పట్లు మడతపెట్టే ఆడవాళ్ళకి ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

తిప్పే ముందు సైగ ఒకటి కావాలి కదా. మాటలున్న రోజుల్లో పెద్దల్లుడు "పట్టు తమ్ముడూ" అనేవాడు. మాటలు పోయాక వేలి కణుపుతో బల్ల మీద రెండుసార్లు కొట్టడం మొదలుపెట్టాడు. టక్ టక్. అంతే, రెండు జతల చేతులూ ఒకే మనిషివైనట్టు లేచేవి.

మాటలు పోయింది అత్తగారి అద్దాల బీరువా వల్ల. ఆవిడ కింది అంతస్తుకి మారుతుంటే, రోజంతా గుట్టలు తిప్పే ఈ ఘనులిద్దరూ బీరువాని మెట్ల మీద వదిలేశారు. వదిలింది నువ్వంటే నువ్వని అక్కడే మొదలైంది. మా ఆయనవి జారే చేతులు కావని అక్క అంది. అయితే మా ఆయనవి వెన్న రాసుకున్న చేతులా అని చెల్లెలు అంది. ఆ తర్వాత అనకూడనివి కూడా అనుకున్నారు. అక్కాచెల్లెళ్ళకి అలాంటివి చిన్నప్పటినుంచీ చేతికి అందేంత దూరంలోనే ఉంటాయి, వెతుక్కోనక్కర్లేదు. రెండిళ్ళ మధ్యా రాకపోకలు తెగిపోయాయి. బీరువా మాత్రం కొత్త అద్దం పెట్టించుకుని అత్తగారి గదిలో హాయిగా ఉంది.

పెద్దల్లుడి భార్యకి, అంటే అక్కకి, చెల్లెలి క్షేమం తెలిసే దారి ఒక్కటే మిగిలింది. అది మరిది తెచ్చుకునే టిఫిన్ డబ్బా. సాయంత్రం మొగుడు కాళ్ళు కడుక్కుని కూర్చోగానే, ఇవాళ అందరూ ఏం తెచ్చుకున్నారని అడిగేది. అందరూ అంటే ఎవరో ఆయనకి తెలుసు. ఆయన పళ్ళు కుట్టుకుంటూ వార్తలు చదివేవాడు. కూరలో కారం ఎక్కువైందని దగ్గాడట. అంటే చెల్లెలికి ఒళ్ళు మండి ఉంది. చొక్కా బొత్తాం వేరే రంగు దారంతో కుట్టి ఉందట. అంటే చత్వారం వచ్చినా కళ్ళజోడుకి వెళ్ళడం లేదు. ఈ విధంగా చెల్లెలి ఇంట్లో జరిగేవన్నీ అక్కకి చెల్లెలి మొగుడికంటే బాగా తెలిసేవి.

ఆ డబ్బాలోకి ఉన్నట్టుండి బజారు రొట్టె దిగింది. మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. చొక్కాకి ఇస్త్రీ కూడా లేదని ఆయన అన్నప్పుడు అక్క చేతిలో గరిటె ఆగింది. తర్వాత ప్రెస్సులో నలుగురూ అనుకుంటుంటే ఆయన విని వచ్చాడు. చెల్లెలికి వెన్నులో ఆపరేషన్ అయింది. మంచం దిగకూడదట, ఎప్పటిదాకానో డాక్టర్లకే తెలియదట.

"ఒక్క మాట, ఎలా ఉందని అడగలేకపోయారా?"

"మా మధ్య బల్ల ఉంది, మాటల్లేవు," అన్నాడాయన, అదేదో చట్టంలో రాసి ఉన్నట్టు.

మర్నాడు అక్క రెండు డబ్బాలు సర్ది మొగుడి సంచిలో పెట్టింది. రెండోది ఎవరికని ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు. మధ్యాహ్నం ఆయన ఆ డబ్బాని బల్ల మీద పెట్టి అటుకేసి తోశాడట. తోసి, ఏం చెయ్యాలో తోచక, కణుపుతో రెండు దెబ్బలు కొట్టాడట. టక్ టక్. చిన్నల్లుడి చేతులు వాటంతటవే వచ్చి డబ్బా అందుకున్నాయట. అందుకున్నాక ఆయనకి మింగుడు పడలేదు గానీ, పట్టింది వదిలితే మళ్ళీ బీరువా గొడవే కదా.

డబ్బా తిరిగొచ్చినప్పుడు కడిగి ఉంది. మూత బోర్లించి, దానిలో మడిచిన గుడ్డ పెట్టి ఉంది. అది వాళ్ళ పుట్టింటి అలవాటు. మంచం మీంచే తుడిచి సర్దిందన్న మాట. అక్క ఆ మూతని చాలాసేపు చేతిలోనే ఉంచుకుంది. అప్పటినుంచీ రోజూ ఒక డబ్బా బల్ల దాటి వెళ్ళేది, బల్ల దాటి వచ్చేది. ఇంకొన్నాళ్ళు పోతే డబ్బా వెనకాల మనుషులు కూడా దాటుతారని అక్క లోలోపల లెక్క వేసుకుంటూ ఉండేది.

సరిగ్గా అప్పుడే మూడో అల్లుడు దిగాడు.

ఆ పేరు పెట్టింది ప్రెస్సు వాళ్ళే. ఎక్కడో ఎవరో వాడి వదిలేసిన యంత్రం, మనిషికంటే ఎత్తు. గుట్టని మొత్తంగా బండి మీద తోసి దాని నోట్లో పెడితే చాలు. గాలి ఊది, గడగడా ఊపి, అంచులు సమం చేసి, పైనుంచి ఒక ఇనప పలక దించి బిగించి, గుట్టని తలకిందులు చేసి బయటపెడుతుంది. దాని కోసం గోడ పగలగొట్టారు. దాని నెత్తిన వేరే ఫ్యాను పెట్టారు, పనివాళ్ళ నెత్తిన లేని ఫ్యాను. కొత్తల్లుడికి ఆ మాత్రం మర్యాదలు ఉండాలి కదా అని అందరూ నవ్వారు. పాతల్లుళ్ళిద్దరూ నవ్వలేదు. వాళ్ళ బల్లని వెనక గదిలోకి లాగేసి, దాని మీద సిరా డబ్బాలు పెట్టారు.

మేనేజరు చిన్నల్లుణ్ణి బటన్ల దగ్గర నిలబెట్టాడు, పెద్దల్లుడికి బండి తొయ్యడం అప్పజెప్పాడు. కొన్నాళ్ళు చూసి ఇద్దరిలో ఒకరిని ఉంచుకుంటానన్నాడు. ఆ మాట ఇద్దరి ఎదుటా, వాతావరణం గురించి చెప్పినంత తేలిగ్గా అన్నాడు. యంత్రంలో ఒక చిన్న తాళం ఉండాలట, పలక బిగుసుకునేదాకా తిరగకుండా ఆపేది. అది వచ్చేనాటికే పనిచెయ్యడం లేదు. బాగు చేయిస్తానని కూడా ఆయనే అన్నాడు, అంతే తేలిగ్గా.

బల్ల పోవడంతో డబ్బా ఆగిపోయింది. తోయడానికి బల్ల లేదు, చేతిలోంచి చేతికి అందించాలంటే మొహాలు చూసుకోవాలి. డబ్బా సంచిలోనే ఉండిపోయి సాయంత్రానికి పులిసి ఇంటికి వచ్చేది. అక్క దాన్ని పారబోసి, మర్నాడు మళ్ళీ సర్దేది. ఆడవాళ్ళ మొండితనానికి ఒక పద్ధతంటూ ఉంటుంది.

ఒకరోజు పెద్దల్లుడు వేళ కాకముందే ఇంటికి వచ్చాడు. చొక్కా మోచేతులకి నీలం రంగు అంటి ఉంది. అన్నం పెట్టమనలేదు, వద్దనలేదు. అక్క పెట్టింది. తింటూ చెప్పాడు. పిల్లల అట్లాసు అచ్చవుతోంది. ఆ షీట్ల గుట్టని ఆయన బండి మీద తోసి యంత్రం నోట్లో పెట్టాడు. పలక దిగుతూనే ఉంది, ఇంకా బిగుసుకోలేదు, చిన్నల్లుడు తిప్పే బటన్ నొక్కేశాడు. యంత్రం గుట్టతో సహా పక్కకి ఒరిగింది. ఇంక చూడాలి. దేశాలన్నీ ఒకదానిమీదొకటి జారి నేల మీద పడ్డాయి. గది నిండా పచ్చి సముద్రాలు. వాటి మీద బూట్ల ముద్రలు. ఒక్క షీటు కూడా పనికి రాలేదు.

"ఎవరికీ దెబ్బలు తగల్లేదు కదా?"

లేదన్నాడు. మరిదిని అక్కడికక్కడే పంపేశారని, ఇంక రావద్దన్నారని, అన్నంలోకి చూస్తూ అన్నాడు.

"అంత కంగారు మనిషి కాదే. ఎందుకు నొక్కాడు?"

"నాకేం తెలుసు? నేను బండి తోసి, గుట్ట సర్దుకుందో లేదో చూసి, బండి అంచు మీద ఇదిగో ఇలా చెయ్యి పెట్టి నిలబడ్డాను, అంతే."

అంటూ ఎడం చెయ్యి భోజనాల బల్ల అంచు మీద పెట్టి చూపించాడు. పెట్టిన చెయ్యి ఊరుకోలేదు. కణుపు రెండుసార్లు చెక్క మీద పడింది.

టక్ టక్.

అక్క చేతులు లేచాయి. ఎదురుగా ఉన్న గిన్నెని రెండు పక్కలా పట్టుకుని బల్ల మీంచి పైకెత్తేశాయి. ఆవిడ ఎత్తాలనుకోలేదు. మంచం జరపాలన్నా, బియ్యం డబ్బా కదపాలన్నా ఇంట్లో కూడా ఆయనది అదే సైగ. ఇన్నేళ్ళుగా ఆ చప్పుడు వింటే ఆవిడ చేతులు ఆవిడని అడగడం మానేశాయి.

గిన్నె అలా గాలిలో ఉండగానే ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"కొట్టారా?" అంది.

ఆయన చెయ్యి బల్ల మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. గుర్తు లేదన్నాడు. పళ్ళెంలో మెతుకులు ఒక పక్కకి జరిపి, కొట్టి ఉంటానేమో అన్నాడు. మళ్ళీ ఇటు జరిపి, అలవాటు అన్నాడు. మేనేజరు తననీ అడిగాడట. బండి దగ్గర ఉన్నానని చెప్పాడట. అందులో అబద్ధం లేదు, ఉన్నది బండి దగ్గరే.

"మరి అతనేమన్నాడు?"

"నావైపు చూశాడు. చూసి, నా చెయ్యి జారిందండీ అన్నాడు."

అక్క గిన్నె దించింది. బీరువా రోజున అత్తమామల ముందు, వీధి వీధంతా వింటుండగా, తల తెగినా ఆ మాట అననన్న మనిషి.

"రేపు వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పండి."

"చెప్తే? వాణ్ణి పిలిచి దండ వేస్తారా? ఇద్దరినీ పంపేసి బటన్ నొక్కడానికి ఇంకొకణ్ణి పెట్టుకుంటారు. ఈ వయసులో నాకు ఎవడిస్తాడు పని?"

ఆయన చెప్పింది నిజం కావచ్చు. నిజం కావాలని తనకే లోపల ఎక్కడో ఉందని తెలిసి, లేచి గిన్నెలు తోముకుంది. అలవాటుగా కొట్టాడా, ఇద్దరిలో ఒకరే మిగలాలన్న సంగతి వేలికి కూడా తెలిసిందా, ఆ ప్రశ్న నాలుక దాకా వచ్చింది. అడగలేదు. అడిగితే ఆయన చెప్పేస్తాడేమోనని భయం వేసింది.

రెండో రోజు డబ్బా తానే పట్టుకుని చెల్లెలి ఇంటికి వెళ్ళింది. తలుపు చేరవేసి ఉంది. మరిది లేడు, పని వెతుక్కోవడానికి పొద్దున్నే వెళ్ళాడట. కిటికీ పక్క మంచం మీద చెల్లెలు, దుప్పటి కింద ఇంకా సన్నగా. మందు సీసాలు, నీళ్ళ చెంబు, దువ్వెన, అన్నీ చెయ్యి చాపితే అందేలా ఒక స్టూలు మీద ఉన్నాయి. అక్కని చూసి లేవబోయింది, లేవలేకపోయింది.

"రా అక్కా. కుర్చీ నువ్వే లాక్కో. మర్యాద చేసే రోజులు పోయాయి."

"నువ్వెప్పుడు చేశావులే," అంది అక్క. ఇద్దరూ కొంచెం నవ్వారు. నవ్వితే చెల్లెలికి నడుం నొప్పి పుట్టింది, అక్కడితో ఆపేశారు.

అక్క జడ విప్పి చిక్కులు తీసింది. బజారు రొట్టె సంగతి, దారం సంగతి అడిగితే, ఇవన్నీ నీకెలా తెలుసని చెల్లెలు తెల్లబోయింది. జడ అల్లడం సగంలో ఉండగా చెల్లెలు గోడవైపు చూస్తూ మాట్లాడింది.

"ఈయన చెయ్యి జారిందట అక్కా. తనే చెప్పాడు. నాకు ఒకటే ఆలోచన పట్టుకుంది. ఇప్పుడు జారిన చెయ్యి అప్పుడు జారి ఉండదా? బీరువా కూడా ఈయనే వదిలి ఉంటాడు. బావ ఏ పాపం ఎరగడు. నేనే నోరు పారేసుకున్నాను. నువ్వు మనసులో పెట్టుకోకు."

అక్క వేళ్ళ మధ్య మూడు పాయలూ అలాగే ఆగిపోయాయి. ఇన్నాళ్ళూ ఏ మాట కోసం డబ్బాలు సర్దిందో ఆ మాట ఇదే. నోరు తెరిచింది. ఎదురుగా చెల్లెలి మెడ, తెల్లబడ్డ నాలుగు వెంట్రుకలు. చెప్తే ఈ జడ మళ్ళీ తన చేతికి రాదు. అది ఒక్క క్షణంలో తెలిసిపోయింది.

"కదలకు, పాయ ఊడిపోతుంది," అంది.

జడ అల్లి, కొసకి రిబ్బను ముడేసి, డబ్బా అక్కడే వదిలి వచ్చింది. రేపు కూడా వస్తావా అని చెల్లెలు అడిగితే వస్తానంది. వెళ్తుంది కూడా. రోజూ వెళ్తుంది. అదే ఇప్పుడు భయంగా ఉంది.

ఇంటికి వచ్చేసరికి ఆయన గది ఊడ్చుకోవడానికి వీలుగా మంచం జరపబోతున్నాడు. ఇలాంటి సాయం ఆయన ఎప్పుడూ చెయ్యడు. మీ చెల్లెలు ఏమైనా అందా అని అడిగాడు. "నిన్ను ఏమీ అనలేదు," అంది. "నువ్వు ఏ పాపం ఎరగవంది." ఆవిడ మొగుణ్ణి మీరు అనడం మరిచిపోయి నువ్వు అనేసిన సంగతి ఆయన గమనించాడో లేదో. మొహం పక్కకి తిప్పుకుని మంచం తలాపి వైపు వంగి కోడు పట్టుకున్నాడు. అక్క కాళ్ళ వైపు వెళ్ళి నిలబడింది.

టక్ టక్.

అక్క చేతులు రెండూ లేవబోయాయి. వాటిని కొంగులో చుట్టి గట్టిగా పట్టుకుంది. ఆయన వైపు మంచం లేచింది, ఈ వైపు నేల మీదే ఉంది. పరుపు మీది దిండు మెల్లగా జారి ఆవిడ పాదాల దగ్గర పడింది.

"పట్టవేం?" అన్నాడు.

"నోటితో చెప్పండి."

మంచం కోడు పట్టుకుని ఆయన అలా వంగే ఉన్నాడు. పెదాలు ఒకసారి కదిలాయి. తర్వాత తన వైపు కోడు చప్పుడు కాకుండా, గుట్టలు దించే మనిషి దించినంత నేర్పుగా, కిందికి దించాడు.