మెరుపు లేని పూత

ఆరితే తగ్గుతుందిలే అనుకుంది ప్రేమజ్యోతి. ఆరింది. తగ్గలేదు. బేస్‌మెంట్‌లో టేబుల్ మీద, ట్యూబ్‌లైటు కింద, బుల్లి చర్చి గోడలు బాత్రూమ్ టైల్స్‌లా తళతళలాడుతున్నాయి.

అది చినకొత్తలంక చర్చి. అసలుది ఇప్పుడు లేదు. దాన్ని పడగొట్టి రెండంతస్తుల కాంక్రీటుది కట్టారు. ఆవిడ భర్త ఇమ్మాన్యుయేల్ బాప్తిస్మం తీసుకున్నది ఆ పాతదాంట్లోనే. అందుకే నాలుగు ఫోటోలు ఎదురుగా పెట్టుకుని, చెక్కతోనూ ప్లాస్టిక్ షీటుతోనూ, ఈ న్యూజెర్సీ ఇంట్లో కూర్చుని దాన్ని మళ్ళీ కట్టుకున్నాడు. పెంకుల కప్పు, గంట వేలాడే గూడు, నీలిమందు కలిపిన సున్నం రంగు గోడలు. గోడల అడుగున గోదావరి వరద వదిలిపోయిన మట్టి చార. ఆ చార మాత్రం కూతురు జెమీమా చేత వేయించాడు.

ఇక మిగిలింది మ్యాట్ వార్నిష్ ఒక్కటే. రంగుని కాపాడాలి, కానీ మెరవకూడదు. ఆ పూత వెయ్యకముందే, నిరుడు మే నెలలో, ఆఫీసు పార్కింగ్ లాట్‌లో గుండె ఆగి పోయాడు.

శనివారం జ్ఞాపకార్థ కూడిక. ఫోటో పక్కన ఆ చర్చి కూడా పెట్టమ్మా అన్నారు పాస్టరుగారు. పాత చర్చిలో చిన్నప్పట్నుంచీ గంట కొట్టిన దైవాశీర్వాదం గారు ఇప్పుడు పెన్సిల్వేనియాలో కొడుకు దగ్గరున్నారు. ఆయనా వస్తున్నారు. ఆ గోడల్ని ఎరిగిన మనిషి ముందు సగం పని పెట్టడం ప్రేమజ్యోతికి మనసొప్పలేదు. నర్సింగ్ హోమ్‌లో డ్యూటీకి సెలవు పెట్టి, జెమీమా స్కూలుకెళ్ళాక కిందికి దిగింది. ఏడాదిగా ఆ పిల్ల బేస్‌మెంట్ మెట్లు దిగలేదు. దాని కంటబడకుండా పూర్తి చేసేస్తే దానికీ నొప్పి తప్పుతుందనుకుంది.

సీసా మూత తీసి చూస్తే అడుగున తెల్లటి మడ్డి, పైన తేరుకున్న నీరు. ఏడాది నుంచీ కదపలేదు, మడ్డి పట్టిందనుకుంది. లంకల్లో పుట్టిన మనిషి. వానాకాలం ఎర్రటి గోదావరి నీళ్ళ కుండలో ఇండుపగింజ అరగదీసి, అడుగు కదలకుండా తేట వంచడం చిన్నప్పుడు ఆవిడ పనే. అలాగే, చెయ్యి వణక్కుండా, తేటంతా స్టీలు గ్లాసులోకి వంచుకుని, కుంచెతో నాలుగు గోడలకీ పూసింది.

అదిగో, ఆ మెరుపు.

మ్యాట్ అని సీసా మీద రాసుంది కదా, అయితే ఆ గుణం మడ్డిలోనే ఉండాలి అని ఆలస్యంగా తట్టింది. ఆ చిక్కటి మడ్డిని కూడా గోడల మీదికి ఎక్కించింది. మధ్యాహ్నానికి అది ఆరుతూ ఆరుతూ పాలు విరిగినట్టు తెల్లబడింది. నీలిమందు ఛాయ పోయింది. కిటికీల ఆకుపచ్చ పోయింది. వరద చార ఎక్కడుందో తెలియలేదు.

అప్పుడు చెయ్యకూడని పని చేసింది. ఇంజెక్షన్‌కి ముందు తుడిచే స్పిరిట్ దూది తెచ్చి, వెనక గోడ మూల రుద్దింది. తెలుపు వచ్చింది. దాంతోపాటు ఇమ్మాన్యుయేల్ వేసిన రంగూ దూదికి అంటుకొచ్చింది. ఆ దూదిని పిడికిట్లో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"మమ్మీ!"

జెమీమా మెట్ల మధ్యలో ఆగి ఉంది, భుజాన బ్యాగుతో.

"ఏం చేశావ్?"

"శనివారానికి పూర్తి చేద్దామని, తల్లీ..."

"లాస్ట్ కోట్ నాది. డాడీ నాకు ఇస్తాను అన్నాడు." ఆ పిల్ల తెలుగు మాటలు ముక్కలుగా వస్తాయి, ఏడుపొస్తే ఇంకా ముక్కలవుతాయి. "నన్ను అడగలేదు. యూ డింట్ ఈవెన్ ఆస్క్ మీ."

"నువ్వు ఇటు రావడమే మానేశావు కదే!"

"రాలేదు అంటే వద్దు అని కాదు!"

పైన తలుపు ధడాలుమంది.

ప్రేమజ్యోతి ఫోను తీసి శేషగిరికి చేసింది. వరంగల్ మనిషి, ఇమ్మాన్యుయేల్‌తో పాటు ఒకే ఆఫీసులో పనిచేసినవాడు, యుద్ధ విమానాల బొమ్మలు కడతాడు. శనివారాలు ఇద్దరూ ఈ టేబుల్ దగ్గరే కూర్చుని పోట్లాడుకునేవారు. సాయంత్రం ఆఫీసు బట్టల్లోనే వచ్చాడు. చర్చిని లైటు దగ్గరికి జరిపి, వంగి, చాలాసేపు చూశాడు.

"వదినా, సీసా అడుగుదాక కలిపినవా?"

"లేదన్నయ్యా. తేట వంచి పూశాను."

"తేట వంచినవా!" నవ్వు ఆపుకోలేకపోయాడు, వెంటనే నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "మెరుపు చంపే మందంతా అడుగుకే ఉంటది వదినా. మొదట మందు లేని నీళ్ళు పూసినవు. తర్వాత ఒట్టి మందు పూసినవు. పుల్లతోని మెల్లగ కలిపి పూయాలె. ఊపితే నురగొస్తది, కలపాలె."

"ఆయనుంటే ఎంత తిట్టేవారో."

"నిన్నేం తిట్టడు. నన్ను తిడ్తడు. అరే బేకార్‌గా, ఇంటికొచ్చి వాళ్ళను చూస్కోవద్దారా అని." నిజమే, ఏడాదిలో అతనూ ఈ మెట్లు దిగలేదు.

శేషగిరి మంచినీళ్ళ గ్లాసులో వేలు ముంచి, ముందు గోడ మీద తడి రాశాడు. వేలు వెళ్ళినంత మేరా తెలుపు మాయమై, కింద నీలం కలిసిన సున్నం రంగు పైకి తేలింది. కిటికీ అంచు ఆకుపచ్చగా కనబడింది. మరు నిమిషం తడి ఆరి మళ్ళీ తెల్లబడింది.

"రంగెటు పోలే. పైన గరుకయింది, అంతే. తడి ఉన్నంతసేపు గరుకు నిండి కింద కనబడ్తది."

"ఇంకోసారి చెయ్యండి అంకుల్."

జెమీమా ఎప్పుడొచ్చిందో, ఆఖరి మెట్టు మీద కూర్చుని ఉంది. శేషగిరి వేలు మళ్ళీ ముంచి, ఈసారి గోడ అడుగున రాశాడు. వరద చార బయటపడింది, ఆరింది, మునిగిపోయింది. పిల్ల లేచి టేబుల్ దగ్గరికొచ్చింది.

"దీని మీద మెరిసే వార్నిష్ పూస్తే ఆ తడి అట్లనే ఉండిపోయినట్టు," అంటూ సంచిలోంచి రెండు కొత్త సీసాలు తీశాడు, ఒకటి గ్లాసీ, ఒకటి మ్యాట్.

"మళ్ళీ మెరుపేనా?" అంది ప్రేమజ్యోతి.

"ముందు మెరవాలె. అది బాగ ఆరినంక పైన మ్యాట్. కానీ గ్యారంటీ ఇయ్యను వదినా. పూసినంక తెలుపు పోకుంటే, ఇగ లోపలే ఉండిపోతది."

కుంచె ఆవిడకి అందించాడు. ప్రేమజ్యోతి దాన్ని కూతురి వైపు చాచింది.

"అడగాల్సింది నిన్ను. వేస్తావా?"

జెమీమా తీసుకోలేదు. "నేను పాడు చేస్తే?"

"నాకంటేనా?"

పిల్ల పెదవి ఒక పక్కకి వంగింది. కుంచె అందుకుంది. శేషగిరి ఎలా పట్టుకోవాలో చెప్పబోయి, ఆ పిల్ల చిటికెన వేలు టేబుల్‌కి ఆనించి చెయ్యి నిలుపుకోవడం చూసి నోరు మూసుకున్నాడు. ఇమ్మాన్యుయేల్ అలాగే ఆనించేవాడు.

ముందు గోడ తేలింది. పక్క గోడలు తేలాయి. చార ఈ చివర నుంచి ఆ చివరకి చుట్టి వచ్చింది. వెనక మూల మాత్రం, స్పిరిట్ రుద్దిన చోట, ఒట్టి ప్లాస్టిక్ మిగిలింది. జెమీమా అక్కడ ఆగి, తల్లి వైపు చూసి, దాని మీద కూడా పూసింది.

మర్నాటి నుంచి వాన పట్టుకుంది. బేస్‌మెంట్ గోడలే చెమ్మగిల్లాయి. రోజూ పొద్దున్నే శేషగిరి ఫోను చేసి, "వదినా, ముట్టకు. ఇంత తేమలో మ్యాట్ పూస్తే మళ్ళ పాలు విరుగుతయి," అని చెప్పేవాడు. శుక్రవారం కూడా కురుస్తూనే ఉంది. సాయంత్రం ప్రేమజ్యోతి మ్యాట్ సీసా తీసి పుల్లతో కలుపుతుంటే జెమీమా దిగివచ్చింది.

"వాన పడుతోంది మమ్మీ."

"రేపు దైవాశీర్వాదం గారు చూస్తారే. ఆయన ఎరిగిన చర్చి ఇలా మెరుస్తుంటే ఏం బావుంటుంది? ఏమో, బాగానే రావచ్చు."

"రాకపోతే?"

ప్రేమజ్యోతి చర్చి వెనక బోసి మూల వైపు చూసింది. పుల్ల తుడిచి, సీసా మూత బిగించింది.

శనివారం, వాళ్ళ తెలుగు సంఘం అద్దెకి తీసుకునే లూథరన్ చర్చి హాల్లో, ఫోటో పక్కన తెల్లగుడ్డ పరిచి దాన్ని పెట్టారు. పాట అయింది, వాక్యం అయింది, ప్రార్థన అయింది. అందరూ భోజనాలకి లేస్తుంటే దైవాశీర్వాదం గారు కర్ర ఊతంగా టేబుల్ దగ్గరికొచ్చారు. గంట గూడు చూశారు. చార చూసి, "ఇది ఎనభయ్యారు వరదదే," అన్నారు. వెనక్కి వెళ్ళి ఆ బోసి మూల చూశారు. చివరికి లైటు పడి తళుక్కుమంటున్న గోడ మీద కళ్ళు నిలిపారు.

"ఏమ్మా, ఇంతలా మెరుస్తోందేంటి?"

తప్పంతా తనదని చెప్పబోయింది ప్రేమజ్యోతి. అప్పటికే జెమీమా ఆయన పక్కకి వెళ్ళి నిలబడింది.

"ఇంకా అవ్వలేదు తాతగారూ," అంది. "ఒక కోట్ ఉంది. వాన ఆగాక నేనూ మమ్మీ వేస్తాం."

"అట్లాగా," అన్నారాయన. "అయ్యాక నాకు చెప్పండమ్మా. మళ్ళీ వస్తాను."