సీసాలో గీత

ఎన్నాళ్లుగానో ఇళ్ల మీద తడిగోనెలా పరుచుకున్న మబ్బు ఆ పొద్దున విడిపోయింది. తూర్పున ఒక చీలిక పడి, అందులోంచి ఎండ ఏటవాలుగా జారి, అతుకులాయన రేకుల షెడ్డు కిటికీలోంచి లోపలికి వచ్చింది. బల్లా, బల్ల మీద స్క్రూల డబ్బాలూ, గోడకు వేలాడే పాత బెల్టులూ, గూట్లో సీసాలూ ఒక్కొక్కటే వెలుగులో పడ్డాయి.

అతుకులాయన అన్నది వీధివాళ్లు పెట్టిన పేరు. కలప కోతమిల్లులో పని ముగించుకుని ఇంటికొచ్చాక మనిషి ఎక్కడున్నాడని అడగక్కర్లేదు, తన పాత కారు కిందే ఉంటాడు. ఆ కారు బానెట్‌కు తీగ, సైలెన్సరుకు రేకు ముక్క, డ్రైవరు సీటుకు గోనెపట్టా. కొత్త సామాను కొన్న పాపాన పోలేదు. పాత ఇనుము కొట్లో గంటల తరబడి బేరమాడి తెచ్చింది కడిగి, అరగదీసి, అమరేదాకా వదలడు. మెకానిక్కు గడప తొక్కడమంటే ఆయన లెక్కలో ఓడిపోవడమే.

ఆ ఇంట్లో ఒక అలవాటు ఉంది. సగం ఉన్నవి రెండు కనబడితే ఒకటి చేసెయ్యాలి. అరిగిన సబ్బు ముక్కలు రెండు తడిపి ఒత్తితే ఒక సబ్బు. కొవ్వొత్తి మొదళ్లు కరిగిస్తే ఒక కొవ్వొత్తి. రెండు గిన్నెల్లో కొంచెం కొంచెం మిగిలితే ఒక గిన్నెలోకి వంచి, రెండోది కడిగి బోర్లించాలి. పెళ్లయిన కొత్తలో భార్యకు ఇది నేర్పింది ఆయనే. ఇప్పుడు ఆవిడే ఆయన్ను మించిపోయింది.

ముందురోజు సాయంత్రం చెల్లెలూ ఆమె మొగుడూ తమ బండి తీసుకుని వచ్చారు. వెనక సీటు తీసేసిన పాత కారది. అందులో బట్టల మూటలు వేసుకుని సంతలు తిరుగుతారు. బ్రేకు మెత్తగా కిందికంటా దిగిపోతోందట.

"షాపులో ఇచ్చేస్తాను బావా. రేపు కొండ దిగాలి," అన్నాడు చెల్లెలి మొగుడు.

"షాపువాడు ఆయిలుతో పాటు నీ జేబు కూడా ఖాళీ చేస్తాడు. తాళం ఇటివ్వు."

"మా అన్నయ్య తుమ్మొచ్చినా సగం దాచుకునే రకం," అంది చెల్లెలు అరుగు మీద కూర్చుంటూ.

"నవ్వవే, నవ్వు. నీ ఫోను నా బల్ల మీదే ముక్కలై ఉంది. ఎలా బిగిస్తానో నా చేతిలో పని," అన్నాడాయన బండి కిందికి దూరుతూ.

పాత బ్రేక్ ఆయిలంతా దించేసి, గూట్లో సీసా తీసి, కొత్తది నింపాడు. చెల్లెలి మొగుడు లోపల కూర్చుని పెడల్ తొక్కుతుంటే ఆయన చక్రం చక్రం దగ్గరా బ్రేకు గొట్టాల్లో చిక్కిన గాలి తీశాడు. చీకటి పడేసరికి పెడల్ గట్టిగా పైకొచ్చింది. ఆయన తృప్తిగా చేతులు తుడుచుకున్నాడు. వాళ్లు బండి తీసుకుని తమ ఇంటికి వెళ్లిపోయారు.

ఈ పొద్దున మళ్లీ ఆ సీసానే గూట్లోంచి తీశాడు, ఎంత మిగిలిందో చూద్దామని. ఎండ దానిలోంచి దూసుకుపోయింది. లోపల ఒక గీత కనిపించింది.

గీతకు కింద నీళ్లలా పలచటి పసుపు. పైన వేలెడు మందాన చిక్కటి పసుపు. సీసా ఊపితే గీత చెదిరింది. కిటికీలో పెడితే మళ్లీ మెల్లగా తేరుకుంది. ఆయన ఒక గ్లాసులో నీళ్లు పోసి, సీసాలోది కొంచెం అందులో వంచాడు. బ్రేక్ ఆయిలు నీళ్లలో కలిసిపోవాలి. ఇది కలవలేదు. చుక్కలు చుక్కలుగా పైకి తేలి, ఎండలో కళ్లలా మెరిశాయి.

భార్య టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఆ సీసానా? మొన్న నేనే కలిపాను. రెండూ సగాలే ఉన్నాయిగా. కిరసనాయిలుకు ఖాళీ సీసా లేకపోయింది. ఏం, చెయ్యకూడదా?"

సీసాల మీద పేర్లు ఎప్పుడూ లేవు. ఏది ఎక్కడ ఉందో ఆయన చేతికి తెలుసు, అంతే. గూట్లో కుడి పక్కది ఇంజన్ ఆయిలు, ఎడం పక్కది బ్రేక్ ఆయిలు. ఒక సీసా తగ్గిందని నిన్న ఆయన కంటికి ఆనలేదు. ఇంజన్ ఆయిలు పైన తేలుతుంది. సీసా వంచితే ముందు పడేది అదే.

"ఏమైందయ్యా? చెప్పవేం?"

"ఇది తగిలితే బ్రేకు లోపలి రబ్బర్లు ఉబ్బిపోతాయి. ఉబ్బితే బ్రేకు పట్టుకుని వదలదు. చక్రం కాలిపోద్ది. కాలాక, ఎంత తొక్కినా పట్టదు."

ఆవిడ టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. "వాళ్లు బయల్దేరారా?"

"తెల్లారగానే పోయుంటారు."

ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. బండి నడిపేటప్పుడు చెల్లెలి మొగుడు ఫోను ఎత్తడు. చెల్లెలికి చేద్దామంటే ఆ ఫోను ఎదురుగా బల్ల మీదే ఉంది, మూత ఒకచోట, బ్యాటరీ ఒకచోట.

కారు స్టార్టు కాలేదు. తడిసిన రోజుల్లో అది మామూలే. భార్య చీర చెంగు నడుముకు దోపి వెనక నుంచి నెట్టింది. ఇంజను దగ్గి అందుకోగానే పరుగెత్తి ముందు సీట్లో కూర్చుంది. రమ్మని ఆయన అనలేదు, వద్దనీ అనలేదు.

దారంతా బానెట్ తీగ టకటకలాడుతూనే ఉంది. ఎదురుగా వచ్చే ప్రతి బండినీ ఆయన మెడ సాచి చూశాడు.

"చూసుకోకుండా కలిపాను," అంది ఆవిడ.

"నేను నేర్పితేనే కదా కలిపావు," అన్నాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

కొండ దిగుడు మొదలయ్యాక ముందు వాసన వచ్చింది. కాలిన రబ్బరూ, కాలిన ఇనుమూ కలిసిన వాసన. మలుపు తిరిగాక బండి కనబడింది. లోయ పక్క కాదు, కొండ పక్క. మట్టిగట్టుకు ఒరిగి, ఒక పక్క రేకంతా చీరుకుపోయి ఉంది. ముందు చక్రాల్లోంచి ఇంకా సన్నగా పొగ లేస్తోంది. మూటలు రోడ్డు మీద పడ్డాయి. ఒక మూట మీద చెల్లెలు కూర్చుని, కుడి మణికట్టును ఎడం చేత్తో ఒళ్లో పట్టుకుని ఉంది.

భార్య పరుగున పోయి ఆడబడుచు పక్కన మోకాళ్ల మీద కూలబడింది.

"నీకెవరు చెప్పారు బావా?" అన్నాడు చెల్లెలి మొగుడు. మొహమంతా దుమ్ము. "పెడల్ రాయైపోయింది. తర్వాత పొగ. తర్వాత తొక్కితే ఏమీ లేదు. గేరు దించి గట్టుకేసి రుద్దాను. నిన్న నువ్వు చూడబట్టి ఈ మాత్రమైనా ఆగింది. లేకపోతే..." గడ్డంతో లోయ వైపు చూపించాడు.

"అంతా నీ చేతి చలవే అన్నయ్యా," అంది చెల్లెలు. నొప్పికి ఆమె పెదాలు తెల్లబడ్డాయి. "ఇంకెప్పుడూ నిన్ను ఆట పట్టించనులే."

అతుకులాయన తల ఒక్కసారి ఊపితే సరిపోయేది. అడిగేవాళ్లు లేరు. బండి తాడు కట్టి తన షెడ్డుకే లాక్కుపోయి, నాలుగు రోజులు తలుపు వేసుకుని, రబ్బర్లు మార్చి ఇచ్చెయ్యొచ్చు. భార్య ఆయన మొహంలోకి చూస్తోంది. ఆయన చెల్లెలి చేతి వైపు చూశాడు. మణికట్టు అప్పటికే ఉబ్బిపోయింది.

"నేను పోసింది మంచి ఆయిల్ కాదు బావా. అందులో ఇంజన్ ఆయిల్ కలిసింది. చూసుకోకుండా పోశాను. దానివల్లే ఇదంతా."

"కలిపింది నేను," అంది భార్య గబుక్కున.

"పోసింది నేను. పొయ్యబోయేముందు వెలుగులో పెట్టి చూడాల్సింది నేను. నువ్వుండు."

 చెల్లెలి మొగుడు వంగి ఒక మూట ఎత్తి, దుమ్ము దులిపి, బండిలో పెట్టాడు. ఇంకోటి ఎత్తాడు. అది చేతుల్లో పట్టుకునే నిలబడిపోయాడు.

"షాపులో ఇస్తానన్నాను," అన్నాడు.

కోపంగా అనలేదు. గొంతు పెంచి ఒక తిట్టు తిట్టినా ఆయన తట్టుకునేవాడు. చెల్లెలు ఏదో ఒక ఎత్తిపొడుపు మాట విసురుతుందని ఎదురుచూశాడు. ఆమె కళ్లు దించుకుని చెయ్యి చూసుకుంటోంది.

చెల్లెల్ని ఆసుపత్రికి చేర్చారు. ఎముక చిట్లిందని కట్టు వేశారు. వదిన అక్కడ ఉండగా మగవాళ్లిద్దరూ వెనక్కి వెళ్లి, మూటలు సర్ది, లారీ ఒకటి మాట్లాడి బండిని లాగించారు. దారిలో ఒకరితో ఒకరికి తాడు గురించి తప్ప మాట లేదు. షాపు ముందు బండి తాడు విప్పగానే మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"ఏం అతుకులాయనా, దారి తప్పావా?"

"లోపలి రబ్బర్లన్నీ కొత్తవి వెయ్యి. గొట్టాలు కూడా. ఖర్చు నాది."

"తీసిన పాతవి మూట కట్టి ఉంచనా? నువ్వు వదలవుగా."

"నాకొద్దు. పారెయ్."

మెకానిక్కు ఆయన మొహం చూసి, బండిని లోపలికి తోయించాడు.

ఆసుపత్రి నుంచి ఆడవాళ్లను ఎక్కించుకుని ఇంటికి చేరేసరికి ఎండ వాలింది. పొద్దుట నుంచి ఎవరి కడుపులోనూ ఏమీ పడలేదు. భార్య చప్పుడు లేకుండా వంట చేసింది. చెల్లెలి మొగుడు పెరట్లో చేతులు కడుక్కుని, లోపలికి రాకుండా గుమ్మం బయటే చాలాసేపు నిలబడ్డాడు. అతుకులాయన కంచాలు పరిచి, నాలుగో కంచం దగ్గర ఆగి, దాన్ని కొంచెం గుమ్మం వైపు జరిపాడు. రమ్మనే ధైర్యం చాలలేదు. కాసేపటికి చెప్పులు విడిచిన చప్పుడైంది. చెల్లెలి మొగుడు వచ్చి ఆ కంచం ముందు కూర్చున్నాడు.

చెల్లెలి కుడిచెయ్యి కట్టులో ఉంది. వదిన అన్నం కలిపి ముద్ద చేసి ఆమె నోటికి అందించింది. ఆమె తింది. ఒక ముద్ద ఆమెకు, ఒక ముద్ద తనకు. మగవాళ్లు తల వంచుకుని తిన్నారు. ఎవరూ మంచినీళ్లు కూడా అడగలేదు. ఒకరి గ్లాసు ఖాళీ అయితే ఇంకొకరు నింపారు.

చివరికి రెండు గిన్నెల్లో కొంచెం కొంచెం మిగిలింది. భార్య అలవాటు కొద్దీ ఒక గిన్నె ఎత్తి రెండో దాని మీదికి వంచబోయి, ఆగింది. ఆయన చూశాడు. చెల్లెలూ చూసింది. ఆవిడ గిన్నెను మళ్లీ దాని చోటనే దించి, లేచి, రెండింటి మీదా రెండు మూతలు పెట్టింది.