అర మిల్లీమీటరు గాలి

మంచు వెలుతురు.

కిటికీలోంచి వచ్చి బల్ల మీద, గడియారం మీద పరుచుకుంది. నీడ లేని వెలుతురు… దాని కింద ఏ లోపమూ దాగదు.

గడియారాలకు పేరుపడ్డ జురా కొండల్లో సరస్సు గడ్డకట్టే కాలం.

ఆ ఇంట్లో గడియారాల లోపలి యంత్రం ఆర్మాండ్ కడతాడు. ముళ్లు, అంకెలు ఉండే ముఖం అతని భార్య ఒడీల్ గీస్తుంది. పెళ్లయిన నాటి నుంచీ అంతే.

బల్ల మీది గడియారంలో తేదీకి ఓ చిన్న వలయం. వారం పేరుకి ఇంకొకటి. నెల పేరుకి మరొకటి. అడుగున చంద్రుడికి నీలం కిటికీ. లీపు సంవత్సరం వచ్చిందని ఎవరూ చెప్పనక్కర్లేదు — దానికే తెలుసు.

ఆర్మాండ్ ఏళ్ల తరబడి చేసిన పని అది.

ఒడీల్ దాన్ని చేతికి పెట్టుకుంది. మణికట్టు కిటికీ వైపు తిప్పి చూసింది.

"చెప్పు," అన్నాడు.

"కళ్లు దగ్గరకొచ్చేశాయి."

తేదీ, వారం — ముఖానికి రెండు కళ్లలా పక్కపక్క వలయాలు. ఆమె గీసినప్పుడు వాటి మధ్య గాలి ఉంది. ఇప్పుడు లేదు.

"మీట తిరగడానికి చోటు చాల్లేదు. వలయాల్ని అర మిల్లీమీటరు లోపలికి జరిపాను. ఎవడికి కనపడుతుంది?"

"నాకు."

"నా ముక్కు కూడా నీకు వంకరగానే కనపడింది. అయినా నన్ను చేసుకున్నావుగా."

"ముక్కు నువ్వు చేసింది కాదుగా."

ఆర్మాండ్ నవ్వలేదు. మార్చాలంటే యంత్రం సగం విప్పాలి. మీట మళ్లీ కోయాలి… శీతాకాలమంతా పోతుంది.

గడియారం చేతికి పెట్టుకుని, కోటు తగిలించుకుని, బయటికి వెళ్లిపోయాడు.

చీజ్ కొట్టు నడిపే మార్సెలిన్ చీజ్ డబ్బా అందిస్తూ అతని మణికట్టు పట్టుకుంది.

"ఎంత బాగుందో. కానీ ఏంటో — మా అత్త మెల్లకన్నేసుకుని నన్నే చూస్తున్నట్టుంది."

తిరిగొస్తూ సరస్సు పక్కన ఆగాడు. చూశాడు. మళ్లీ చూశాడు.

అవును… దగ్గరగానే ఉన్నాయి. ఇక కనపడకుండా పోవు.

ఇంటికొచ్చి గడియారం విప్పడం మొదలుపెట్టాడు. ఒడీల్ వేడి చీజ్, ఉడికిన బంగాళాదుంపలు పళ్లెంలో పెట్టి అతని పక్కకు జరిపింది.

మంచు కరిగింది. మెడగంటలు మోగిస్తూ ఆవులు కొండ మీది మేతకు వెళ్లాయి.

ఒక ఉదయం, సన్నగా వంపు తిరిగిన కొత్త మీట కదిలింది. వలయాలు తమ చోటికి వెళ్లాయి — మధ్య కాస్త గాలి. ఆ గాలికి ముఖమంతా విప్పారింది. ముళ్లు, అంకెలు, చంద్రుడు… ఏదీ దేన్నీ తొయ్యడం లేదు.

ఒడీల్ చూస్తూ కూర్చుంది. కాఫీ చల్లారింది.

ఆర్మాండ్ ఆమె ముఖమే చూస్తున్నాడు.

"టైమెంతయింది?" అన్నాడు చివరికి.

ఆమె తలెత్తింది.

"చూడలేదు," అంది… మళ్లీ దాని మీదికే వంగింది.